పది దాకా నడిచి పదకొండు దగ్గర ఆగిన సంఖ్య: 3215031751 మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

డిగ్రీ స్థాయి విద్యార్థులకు సంఖ్యా సిద్ధాంతాన్ని, దానికి కావలసిన ప్రోగ్రామింగ్‌ను ఒక్కొక్కరికి విడిగా చెబుతుంటాను. ఈ కేసు వాళ్ళలో ఒకరిది. పేరు, చదువు, మేం కలిసిన రోజులు లాంటి ఆనవాళ్ళన్నీ తీసేశాను. సంఖ్యలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. ఈ కేసు నేర్పే పాఠమంతా వాటిలోనే ఉంది.

ఆ అమ్మాయి చురుకైనది. ఏ ఫార్ములా చెప్పినా సొంతంగా కోడ్ రాసి, పెద్ద సంఖ్యల మీద నడిపి చూస్తే తప్ప నమ్మేది కాదు. అప్పుడు మేం చదువుతున్నది శేషాల లెక్కల్లో వర్గమూలాలు. ఉదాహరణకి, ఏ సంఖ్యని వర్గం చేసి 23తో భాగిస్తే 2 శేషం వస్తుంది? 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్యలకు దీనికొక దగ్గరి దారి ఉంది. ప్రధాన సంఖ్యకు 1 కలిపి, 4తో భాగించి, ఆ ఘాతానికి పెంచాలి. 23కి అయితే 24లో నాలుగో వంతు 6. 2⁶ అంటే 64, 23తో భాగిస్తే 18 మిగులుతుంది. 18 వర్గం 324, దాన్ని 23తో భాగిస్తే శేషం 2. సరిపోయింది.

వర్గమూలం లేని సంఖ్యని ఇస్తే ఏమవుతుంది? 5నే తీసుకుందాం. 5⁶ని 23తో భాగిస్తే 8 మిగులుతుంది. 8 వర్గం 64, శేషం 18. అది 5 కాదు, 23 − 5. అంటే −5. భాగించేది ప్రధాన సంఖ్య అయితే, జవాబుని వర్గం చేసినప్పుడు మిగిలేది ఎప్పుడూ ఈ రెండింట్లో ఒకటే: ఇచ్చిన సంఖ్య, లేదా దాని రుణ రూపం. మూడోది రాదు. ఈ మాట గుర్తుంచుకోండి, కేసంతా దీని మీదే తిరుగుతుంది.

సమస్య

ఒక రోజు ఆమె ఒక కాగితం పట్టుకుని వచ్చింది. 23 లాంటి చిన్న సంఖ్యలు వదిలేసి 3215031751 తీసుకుంది. అంటే 321 కోట్ల 50 లక్షల 31 వేల 751. చివరి రెండంకెలు 51 కాబట్టి 4తో భాగిస్తే 3 మిగులుతుంది, షరతు సరిపోయింది. 2 నుంచి మొదలుపెట్టి వరసగా ఫార్ములా నడిపి, వచ్చిన జవాబుని వర్గం చేసి శేషం చూసింది. 2కి 2 వచ్చింది. 3కి 3215031748, అంటే −3. 4కి 4, 5కి 5. 6కి, 7కి రుణ రూపాలు. 8, 9, 10కి మళ్ళీ ఆ సంఖ్యలే. అంతా పుస్తకంలో చెప్పినట్టే ఉంది.

11 దగ్గర మాత్రం 915538832 వచ్చింది. అది 11 కాదు. −11 అంటే 3215031740 రావాలి, అదీ కాదు.

"మేడమ్, ఫార్ములాలో ఇంకేదో షరతు ఉండాలి, నేను మిస్సయ్యాను. తొమ్మిది సంఖ్యలకు పనిచేసింది పదోదానికి ఎందుకు పనిచేయదు?" అని అడిగింది. రెండు రోజులుగా అదే టెన్షన్‌లో ఉన్నట్టుంది, కాగితం అంచులన్నీ కొట్టివేతలే.

నేను అడగాల్సిన ప్రశ్న అడిగాను కూడా: ఇది ప్రధాన సంఖ్యేనా? ఆమె తడుముకోకుండా జవాబిచ్చింది. మిల్లర్-రాబిన్ టెస్ట్ పెట్టింది. బేస్ అనే ఒక చిన్న సంఖ్యని పెద్ద ఘాతానికి పెంచి, మిగిలిన శేషాన్ని బట్టి ప్రధాన సంఖ్యో కాదో చెప్పే పరీక్ష అది. 2, 3, 5, 7 నాలుగు బేస్‌లతోనూ పాసైంది. ఈ సైజు సంఖ్యలకు ఆ నాలుగూ చాలని నోట్స్‌లో రాసి ఉంది. నాకూ అలాంటి నియమం ఒకటి ఉందని తెలుసు. తలూపి ముందుకు వెళ్ళిపోయాను. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఈ కేసులో అసలు తప్పు జరిగింది ఆ తలూపడంలోనే. నియమం ఉందని తెలుసు, దాని హద్దు ఎక్కడో అడగలేదు.

ప్రయత్నించినవి, పనిచేయనివి

ముందు ఫార్ములానే అనుమానించాం. మళ్ళీ మొదటి నుంచి నిరూపించాం. 7, 19, 23ల మీద అన్ని శేషాలకూ చేతితో లెక్క చేశాం. ఎక్కడా తప్పలేదు. దానికి పెద్దగా సమయం పట్టలేదు.

తర్వాత అనుమానం ఓవర్‌ఫ్లో మీదికి పోయింది. దీనికి కారణం లేకపోలేదు. ఆమె సి భాషలో రాసింది. ఈ సంఖ్య వర్గం సుమారు 1.03 × 10¹⁹. గుర్తుతో ఉండే 64 బిట్ల పూర్ణాంకంలో పట్టేది సుమారు 9.22 × 10¹⁸ మాత్రమే. అంటే రెండు పెద్ద శేషాలను గుణిస్తే పొంగిపోయే ప్రమాదం ఉంది. గుర్తు లేని 64 బిట్ల రకంలో అయితే 1.84 × 10¹⁹ దాకా పడుతుంది, కాబట్టి ఇబ్బంది ఉండదు. కోడ్ తెరిచి చూస్తే ఆమె మొదటి నుంచీ ఆ రెండో రకమే వాడింది. అయినా నాకు నమ్మకం కుదరక, అదే లెక్కని పూర్ణాంకాలకు హద్దు లేని పైథాన్‌లో చేయించాను. అదే 915538832 వచ్చింది.

ఇక్కడ ఒక క్లాసు మొత్తం పోయింది, పోకుండా ఉండాల్సింది. ఓవర్‌ఫ్లో వల్ల వచ్చే తప్పులు చెదురుమదురుగా ఉంటాయి. తొమ్మిది జవాబులు అక్షరాలా సరిపోయి, ఒక్కటి మాత్రం తప్పడం దాని లక్షణం కాదు. రోగ లక్షణాన్ని చూడకుండా నాకు అలవాటైన రోగానికి మందు వేశాను.

మూడో ప్రయత్నం నేనే సూచించాను. అదే మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా తప్పుదారి పట్టించింది. "సంఖ్య మీద ఏ మాత్రం అనుమానం ఉన్నా 11తో ఫెర్మా పరీక్ష పెట్టు" అన్నాను. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, సంఖ్య ప్రధానమైతే 11ని 3215031750 ఘాతానికి పెంచి ఆ సంఖ్యతో భాగించినప్పుడు 1 మిగలాలి. 1 మిగిలింది. 13తో, 17తో, 19తో పెట్టించాను. అన్నిటికీ 1. పైగా 100 లోపు ప్రధాన సంఖ్యలు పాతికతోనూ భాగించి చూసింది. ఒక్కటీ నిశ్శేషంగా పోలేదు. ఇద్దరం ఊపిరి పీల్చుకుని "సంఖ్య మంచిదే" అనుకుని మళ్ళీ ఫార్ములా వైపు తిరిగాం.

రెండు చోట్లా తప్పు నిర్ణయమే. భాగహారం 97 దగ్గర ఎందుకు ఆపించాను? 100 అనేది రౌండ్ ఫిగర్ కాబట్టి, అంతకు మించి కారణం లేదు. నిజానికి కారణాంకం లేదని తేల్చాలంటే వర్గమూలం దాకా, అంటే 56701 దాకా వెళ్ళాలి. ప్రోగ్రామ్‌కు అది కన్ను మూసి తెరిచేంత పని. అంత దూరం కూడా అక్కర్లేకపోయింది. ఇంకో పదకొండు ప్రధాన సంఖ్యలు ప్రయత్నించి ఉంటే కథ ఆ రోజే ముగిసేది.

తాళం తెరుచుకున్న చోటు

మూడో క్లాసులో ఆమె ఒక మాట అంది: "మేడమ్, చివరికి 1 వచ్చింది సరే, దానికి ఒక మెట్టు ముందు ఏముంది?"

ఆ ప్రశ్న విన్నాక నేను చేయాల్సిన పని తెలిసిపోయింది. 3215031750లో సగం 1607515875, అది బేసి సంఖ్య. 11ని ఆ సగం ఘాతానికి పెంచి శేషం చూడమన్నాను. తెర మీద 2129160099 వచ్చింది. దాన్ని వర్గం చేసి శేషం తీస్తే 1. కానీ 2129160099 మాత్రం 1 కాదు, −1 కూడా కాదు.

బోర్డు మీద ఆ సంఖ్యని రాసి, నెమ్మదిగా మాట్లాడుకున్నాం. ఒక సంఖ్య వర్గంలోంచి 1 తీసేస్తే మిగిలింది మన 3215031751తో నిశ్శేషంగా పోతోంది. ఆ మిగిలినదాన్ని రెండు ముక్కలుగా రాయొచ్చు: 2129160098, 2129160100ల లబ్ధం. భాగించే సంఖ్య ప్రధానమైతే, అది ఈ రెండు ముక్కల్లో కనీసం ఒకదాన్ని పూర్తిగా భాగించాలి. రెండూ దానికన్నా చిన్నవి, సున్నా కాదు. కాబట్టి ఒకదాన్నీ భాగించలేదు. అంటే 3215031751 ప్రధాన సంఖ్య కాదు. "బహుశా" కాదు, రుజువైపోయింది.

ఆమె కాసేపు మాట్లాడలేదు. "మరి దాని కారణాంకాలు?" అంది తర్వాత.

అవీ ఆ రెండు ముక్కల్లోనే దాక్కున్నాయి. 3215031751, 2129160100ల గ.సా.భా. చేతితో చేయమన్నాను. ఇలాంటి చోట కంప్యూటర్‌ని పక్కన పెట్టించడం నాకు ఇష్టం, సంఖ్య విడిపోవడం కళ్ళారా కనిపిస్తుంది. మొదటి దాన్లోంచి రెండోది తీసేస్తే 1085871651. దాన్ని 2129160100లోంచి తీసేస్తే 1043288449. 1085871651లోంచి దాన్ని తీసేస్తే 42583202. 1043288449ని 42583202తో భాగిస్తే 24 సార్లు పోయి 21291601 మిగిలింది. 42583202 దానికి సరిగ్గా రెట్టింపు. ఆట ముగిసింది, గ.సా.భా. 21291601. అసలు సంఖ్యని దాంతో భాగిస్తే 151.

151 ప్రధాన సంఖ్యల వరసలో ముప్పై ఆరోది. మేం ఇరవై అయిదోది దగ్గర ఆగాం.

ఆమె ఫార్ములా తన పని తాను సరిగ్గానే చేసింది. అది ఇచ్చే జవాబు వర్గం ఏమిటో రాసి చూస్తే, ఇచ్చిన సంఖ్యని దాని సగం ఘాతంతో గుణించినట్టే అవుతుంది. 11ని 2129160099తో గుణించి భాగిస్తే అదే 915538832 మిగులుతుంది. ఇలాంటి సంఖ్య దగ్గర మిల్లర్-రాబిన్ చూసేది కూడా సగం ఘాతం శేషం +1 లేదా −1 అవునా కాదా అనే. కాబట్టి ఆమె బగ్ అనుకున్నది నిజానికి 11 బేస్‌తో జరిగిన మిల్లర్-రాబిన్ టెస్టే. అది మొదటి రోజే "ఇది సంయుక్త సంఖ్య" అని చెప్పింది. మేమిద్దరం వినిపించుకోలేదు.

ఎందుకిలా జరిగింది

21291601 మళ్ళీ 751, 28351లుగా విడిపోతుంది. అంటే మొత్తం మూడు కారణాంకాలు: 151, 751, 28351. ఒక్కొక్కదాన్లోంచి 1 తీసేస్తే 150, 750, 28350. ఈ మూడూ 3215031750ని నిశ్శేషంగా భాగిస్తాయి. భాగఫలాలు 21433545, 4286709, 113405. ఏ ప్రధాన కారణాంకమూ రెండుసార్లు రాకుండా, ఈ లక్షణం ఉన్న సంయుక్త సంఖ్యలను కార్మైకేల్ సంఖ్యలంటారు. ఈ గుర్తింపు సూత్రాన్ని కోర్సెల్ట్ 1899లోనే ఇచ్చాడు, 1910లో కార్మైకేల్ ఉదాహరణలు చూపించాడు. అన్నిటికన్నా చిన్నది 561. ఇలాంటివి అనంతంగా ఉన్నాయని 1994లో ఆల్ఫర్డ్, గ్రాన్‌విల్, పొమరెన్స్ నిరూపించారు. తనతో సామాన్య కారణాంకం లేని ఏ బేస్ పెట్టినా కార్మైకేల్ సంఖ్య ఫెర్మా పరీక్ష నెగ్గుతుంది. నేను పెట్టించిన 11, 13, 17, 19 మాత్రమే కాదు, మరో వెయ్యి పెట్టించినా దాదాపు అన్నిటికీ 1 వచ్చేది. ఓడిపోవడానికి వీల్లేని పరీక్ష పెట్టి, గెలిచిందని సంతోషించాం.

మిల్లర్-రాబిన్ ఇంతకన్నా గట్టిది. మరి దాని నాలుగు బేస్‌లు ఎలా మోసపోయాయి? ఇక్కడే ఈ సంఖ్య అందం ఉంది. 151, 751, 28351 మూడూ 4తో భాగిస్తే 3 మిగిలేవే. పైన చెప్పిన భాగఫలాలు మూడూ బేసి సంఖ్యలే. దాంతో సగం ఘాతం శేషం ప్రతి కారణాంకం దగ్గరా ఒకే ఒక్క విషయాన్ని బట్టి ఉంటుంది: ఆ బేస్‌కు అక్కడ వర్గమూలం ఉంటే +1, లేకపోతే −1. మూడు చోట్లా ఒకే గుర్తు వస్తే మొత్తం మీద కూడా +1 లేదా −1 కనిపించి టెస్ట్ పాసవుతుంది. గుర్తులు కలవకపోతే దొరికిపోతుంది.

2కి మూడు చోట్లా ప్లస్. 3కి మూడు చోట్లా మైనస్. 5కి మూడూ ప్లస్, 7కి మూడూ మైనస్. 11కి మాత్రం 151 దగ్గర ప్లస్, మిగతా రెండు చోట్ల మైనస్. అందుకే 11 సగం ఘాతంలోంచి 1 తీసేస్తే 151తో పోయింది, 1 కలిపితే మిగతా రెండింటితోనూ పోయింది.

ఈ గుర్తులు గుణకారానికి లొంగుతాయి. 6 గుర్తు అంటే 2 గుర్తు, 3 గుర్తుల లబ్ధం. 10 అంటే 2, 5లది. కాబట్టి 2, 3, 5, 7 పాసైన క్షణంలోనే 4, 6, 8, 9, 10 కూడా పాసైపోయాయి. ఆమె కాగితం మీద తొమ్మిది మంది సాక్షులు ఉన్నారనుకున్నాం. నిజానికి ఉన్నది నలుగురు, మిగతా అయిదుగురూ వాళ్ళ మాటలే తిరిగి చెప్పారు. మా ఇద్దరి నమ్మకాన్నీ గట్టిపరిచింది ఆ తొమ్మిది అనే లెక్కే. అందుకే ఇప్పుడు ఎవరైనా "ఇన్ని బేస్‌లతో చూశాను" అంటే, వాటిలో ఒకదానితో ఒకటి సంబంధం లేనివి ఎన్ని అని ముందు అడుగుతున్నాను.

నోట్స్‌లోని గుర్తు

ఇన్ని కోట్ల సంఖ్యల్లో ఆమె చేతికి ఇదే ఎలా చిక్కింది? అది అడగకుండా కేసు మూయడం నాకు ఇష్టం లేకపోయింది. నోట్స్ తెప్పించి చూశాను. ఒక పేజీ మూలన "2, 3, 5, 7" అని, దాని పక్కనే "3215031751" అని రాసి ఉంది. మధ్యలో ఏమీ లేదు.

అసలు విషయం ఇది. 1980లో పొమరెన్స్, సెల్ఫ్‌రిడ్జ్, వాగ్‌స్టాఫ్ 2500 కోట్ల లోపు సంఖ్యలన్నిటినీ జల్లెడ పట్టారు. 2, 3, 5, 7 నాలుగు బేస్‌ల టెస్టునూ మోసం చేసే సంయుక్త సంఖ్య అంతటిలో ఒక్కటే దొరికింది. అది ఇదే. అందుకే పుస్తకాల్లో "3215031751 కన్నా చిన్న సంఖ్యలకు 2, 3, 5, 7 చాలు" అని ఉంటుంది. వేగంగా రాసుకుంటూ ఆమె "కన్నా చిన్న" అనే గుర్తు వదిలేసింది. కొన్నాళ్ళకు చూసుకుంటే, ఆ నాలుగు బేస్‌లతో పరీక్షించదగ్గ పెద్ద ప్రధాన సంఖ్యకు ఉదాహరణలా కనిపించింది. నిర్ధారించుకోవడానికి టెస్ట్ పెట్టింది. ఏ టెస్ట్ ఈ సంఖ్య దగ్గర తప్పుతుందో, అదే టెస్ట్.

హద్దును చూపించే సంఖ్య హద్దుకు లోపల ఉండదు. అది మొదటి మినహాయింపు. విద్యార్థుల నోట్స్‌లో ఇలాంటి సంఖ్య కనిపిస్తే, అది నియమం పనిచేసే చివరి చోటా, తప్పే మొదటి చోటా అని పక్కనే మాటల్లో రాయించడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

ఆమె కోడ్‌లో మార్పులు త్వరగానే అయిపోయాయి. 11 కూడా చేరిస్తే హద్దు 2152302898747కి జరుగుతుంది. 37 దాకా ఉన్న పన్నెండు ప్రధాన సంఖ్యలనూ బేస్‌లుగా పెడితే 64 బిట్లలో పట్టే ఏ సంఖ్య విషయంలోనూ మోసపోయే పని లేదు. అంతకన్నా పెద్ద వాటికి బేస్‌లను ముందే ఖాయం చేసుకోవడం మంచిది కాదు. 307 కన్నా చిన్న బేస్‌లన్నిటినీ నెగ్గే 397 అంకెల సంయుక్త సంఖ్యని ఆర్నో 1995లో పనిగట్టుకుని తయారుచేసి చూపించాడు. బేస్‌లను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే అలా ముందే పథకం వేయడానికి వీలుండదు. ఏ సంయుక్త సంఖ్య అయినా నాలుగింట ఒక వంతుకు మించి బేస్‌లను మోసం చేయలేదని రాబిన్ 1980లో నిరూపించాడు. అలాంటివి ఇరవై వేస్తే, తప్పించుకునే అవకాశం లక్ష కోట్లలో ఒకటి కన్నా తక్కువ.

మన సంఖ్య ఆ నాలుగో వంతును అంచుదాకా వాడుకుంది. మూడు చోట్ల ప్లస్, మైనస్‌లు కలిసి ఎనిమిది రకాలుగా రావచ్చు. వాటిలో రెండు రకాలు పాసవుతాయి. దాంతో 3215031751 లోపల దాన్ని ప్రధాన సంఖ్యగా చూపించే బేస్‌లు 79 కోట్ల 73 లక్షల 43 వేల 750 ఉన్నాయి. ఈ లెక్క ఆమె ఇంటి దగ్గర తనే చేసుకుని వచ్చింది.

అదే రోజు ఇంకొకటి కూడా తెచ్చింది. 13కి గుర్తులు చూసింది: 151 దగ్గర మైనస్, 751 దగ్గర ప్లస్, 28351 దగ్గర మైనస్. అంటే 13 సగం ఘాతంలోంచి 1 తీసేసి గ.సా.భా. తీస్తే 751 ఒక్కటే బయటికి రావాలి. నడిపితే వచ్చింది. "11 నాకు 151ని ఇచ్చింది, 13 ఇచ్చింది 751ని. మూడోదాన్ని విడిగా ఇచ్చే బేస్ ఏదో ప్రోగ్రామ్ నడపకుండానే చెప్పగలను" అంది. 11, 13ల గుర్తులను ఒకదాని కింద ఒకటి రాసి గుణించింది. 151 దగ్గర మైనస్, 751 దగ్గర మైనస్, 28351 దగ్గర రెండు మైనస్‌లు కలిసి ప్లస్. కాగితం మీద 143 అని రాసి, దాని పక్కన 28351 అని రాసి, అప్పుడు కీబోర్డు దగ్గరికి జరిగింది.